క్రియాటినిన్ కంటే ముందు చూడవలసినవి: టైప్ వన్ షుగర్ ఉన్నవారి కిడ్నీలు, బీపీ

విజయవాడ సూర్యారావుపేటలో ఒక ల్యాబ్ ఇచ్చిన కాగితం మీద, కిడ్నీలు రక్తం నుంచి తీసేసే వ్యర్థమైన క్రియాటినిన్ 0.7 అనీ, మూత్రపరీక్ష గడిలో ‘అల్బుమిన్: నిల్’ అనీ చూసుకుని, మా అమ్మాయి కిడ్నీలకు ఏ ఢోకా లేదన్న ధైర్యంతో నేను ఆరేళ్లపాటు ఇంటికి తిరిగి వచ్చాను. తనకు 9వ ఏట టైప్ వన్ మధుమేహం, అంటే ఒంట్లో ఇన్సులిన్ తయారు కాక వచ్చే షుగర్, బయటపడింది, ఇప్పుడు 22 ఏళ్లు. తనకు 15 ఏళ్లప్పుడు మేము కొత్తగా వెళ్లిన డాక్టరుగారు ఫైలంతా తిరగేసి, “అమ్మా, క్రియాటినిన్ సంగతి సరే, ఏసీఆర్ ఎప్పుడు చేయించారు?” అని అడిగినప్పుడు ఆ మాట వినడం నాకు అదే మొదటిసారి. ఏసీఆర్ అంటే మూత్రంలో అల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి. మా ఫైలులో ఉన్న రెండు ఫలితాలూ నిజమైనవే. అయితే టైప్ వన్ ఉన్నవారి కిడ్నీల విషయంలో ఆ రెండూ బాగా ఆలస్యంగా మారే అంకెలు. వాటికంటే ఎన్నో ఏళ్ల ముందుగా హెచ్చరించేవి వేరే రెండున్నాయి: మూత్రంలో అతి తక్కువ మోతాదులో పోయే అల్బుమిన్ అనే మాంసకృత్తు, పద్ధతిగా కొలిచిన బీపీ. ఈ రెండింటినీ ఎప్పుడు, ఎలా చూసుకోవాలో, ఫలితం వచ్చాక ఏం చేయాలో టైప్ వన్ పిల్లలున్న తల్లిదండ్రులకూ, టైప్ వన్‌తో పెద్దవాళ్లయినవారికీ ఉపయోగపడేలా ఇక్కడ రాస్తున్నాను. మందుల ఎంపిక, మోతాదు మాత్రం మీ డాక్టరు నిర్ణయించవలసినవి.

లోపల జరిగేది ఏమిటి?

ఒక్కొక్క కిడ్నీలో సుమారు 10 లక్షల సన్నని వడపోత గొట్టాలుంటాయి, వాటిని నెఫ్రాన్లంటారు. రెండు కిడ్నీలూ కలిసి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుంచి వడకట్టి, అందులో అత్యధిక భాగాన్ని మళ్లీ రక్తంలోకి పంపి, లీటరు లేదా లీటరున్నర మాత్రమే మూత్రంగా బయటకు వదులుతాయి. రక్తంలో గ్లూకోజ్ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే నెఫ్రాన్ మొదట్లో ఉండే వడపోత గుత్తుల్లోని సన్నని రక్తనాళాల మీద ఒత్తిడి పెరుగుతుంది. మొదట్లో కిడ్నీ మామూలుకంటే ఎక్కువగానే వడకడుతుంది, కాబట్టి ఆ దశలో క్రియాటినిన్ చక్కగా కనిపిస్తుంది. ఆ ఒత్తిడికి వడపోత గోడ క్రమంగా దెబ్బతిని, లోపలే నిలవవలసిన అల్బుమిన్ కొద్దికొద్దిగా మూత్రంలోకి జారడం మొదలవుతుంది. మన వంటింట్లో కాఫీ వడపోసే గుడ్డ నేత వదులై పొడి కిందికి దిగడం లాంటిదే ఇది.

బీపీ ఇక్కడే కథలోకి వస్తుంది. టైప్ టూ షుగర్ ఉన్నవారిలో చాలామందికి షుగర్ బయటపడే నాటికే బీపీ ఉంటుంది. టైప్ వన్‌లో సాధారణంగా వరుస వేరు: అల్బుమిన్ జారడం మొదలైన కాలంలోనే బీపీ కూడా మెల్లగా పైకి జరుగుతుంది. పెరిగిన బీపీ అప్పటికే బలహీనపడిన వడపోత గోడను మరింత నొక్కుతుంది, గోడ దెబ్బతిన్నకొద్దీ కిడ్నీ ఉప్పునూ నీటినీ పట్టి ఉంచి బీపీని ఇంకా పెంచుతుంది. అందువల్ల 18 ఏళ్ల సన్నని పిల్లకు 132/84 వస్తే ‘పరుగెత్తుకుంటూ వచ్చింది, అందుకే’ అని కొట్టిపారేయకుండా, సరైన పద్ధతిలో మళ్లీ కొలిచి చూడాలి. ఈ దశలో నొప్పి, మంట, కాళ్ల వాపు ఏవీ ఉండవు. మూత్రంలో నురుగు, ముఖం ఉబ్బడం కనిపించేవరకు ఆగితే చాలా ఏళ్లు చేజారిపోయినట్టే.

పరీక్షలు ఎప్పుడు మొదలుపెట్టాలి?

టైప్ వన్ బయటపడి 5 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ సంవత్సరానికి ఒకసారి మూత్రంలో అల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి చూసే పరీక్ష, దానితోపాటు రక్తంలో క్రియాటినిన్, దాని నుంచి కిడ్నీల వడపోత వేగాన్ని లెక్కగట్టే ఈజీఎఫ్ఆర్ చేయించాలి. చిన్నపిల్లల విషయంలో 5 ఏళ్లు నిండడంతోపాటు, 10 ఏళ్ల వయసు దాటడం లేదా యౌవన లక్షణాలు మొదలుకావడం, ఈ రెండింటిలో ఏది ముందైతే అప్పటి నుంచి చేయిస్తారు. కొందరు పిల్లల వైద్యులు 11 ఏళ్లు దాటిన పిల్లలకు షుగర్ వచ్చి రెండేళ్లు నిండినప్పటి నుంచే మొదలుపెడతారు, అదీ ఆమోదించిన పద్ధతే. బీపీకి మాత్రం ఇన్నేళ్లు ఆగాలన్న నియమమేమీ లేదు. డాక్టరు దగ్గరకు వెళ్లిన ప్రతిసారీ చూడాలి. పిల్లలకు బీపీ చూడడం మరచిపోయే క్లినిక్కులు చాలా ఉన్నాయి, కాబట్టి అడిగి చూపించుకోవడంలో మొహమాటం వద్దు.

ల్యాబ్ కౌంటరు దగ్గర ‘కిడ్నీ టెస్ట్’ అంటే యూరియా, క్రియాటినిన్ మాత్రమే రాస్తారు. ‘యూరిన్ టెస్ట్’ అంటే సీయూఈ అనే మామూలు మూత్రపరీక్ష రాస్తారు. సీయూఈలో వాడే కాగితపు స్ట్రిప్ అల్బుమిన్ బాగా ఎక్కువగా పోతున్నప్పుడే రంగు మారుతుంది; తొలిదశలో పోయే కొద్దిపాటి మోతాదు దానికి అందదు. మాకు ఆరేళ్లపాటు ‘నిల్’ అని వచ్చింది ఆ స్ట్రిప్ మీదే. కాబట్టి ‘యూరిన్ ఏసీఆర్’ అనో, ‘యూరిన్ మైక్రోఅల్బుమిన్ క్రియాటినిన్ రేషియో’ అనో పేరు పెట్టి అడగండి, రసీదు మీద అదే పేరు పడిందో లేదో అక్కడే చూసుకోండి.

ఏసీఆర్‌కు మూత్రం ఇచ్చే పద్ధతి

24 గంటల మూత్రం డబ్బాలో పట్టవలసిన అవసరం లేదు. ఉదయం లేవగానే వచ్చే మొదటి మూత్రాన్ని, ధార మధ్యలో, ల్యాబ్ ఇచ్చిన శుభ్రమైన డబ్బాలో పట్టి, వీలైనంత త్వరగా అందజేస్తే చాలు. ఫలితం క్రియాటినిన్ గ్రాముకు ఇన్ని మిల్లీగ్రాముల అల్బుమిన్ అని వస్తుంది. 30 కంటే తక్కువైతే మామూలు. 30 నుంచి 300 వరకు మధ్యస్థంగా పెరిగినట్టు, 300 దాటితే తీవ్రంగా పెరిగినట్టు లెక్క. కొన్ని ల్యాబులు ఈ నిష్పత్తి ఇవ్వకుండా లీటరుకు ఎంత అల్బుమిన్ ఉందో మాత్రమే ముద్రిస్తాయి. నీళ్లు ఎక్కువ తాగిన రోజున అది తక్కువగానూ, తక్కువ తాగిన రోజున ఎక్కువగానూ కనబడుతుంది కనుక దాన్ని నమ్ముకోకూడదు.

ఒక్క ఫలితంతో ఏ నిర్ణయానికీ రాకూడదు. ఇది నేను చాలా కంగారు పడి తెలుసుకున్న సంగతి. మా అమ్మాయికి మొదటిసారి ఏసీఆర్ చేయించింది ఒక దసరా రోజుల్లో. ముందురోజు సాయంత్రం తను ఇంద్రకీలాద్రి మీద మెట్ల పూజ చేసింది. ఒక్కొక్క మెట్టుకూ వంగి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, లేచి, మళ్లీ వంగుతూ కొండపై దాకా వెళ్లింది. మరునాడు ఉదయం ఇచ్చిన మూత్రంలో 74 వచ్చింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. డాక్టరుగారు కాగితం చూసి, ముందురోజు ఏం చేశారని అడిగి, మూడు వారాలాగి మళ్లీ చేయించమన్నారు. అప్పుడు 12, ఆ తర్వాత రెండు నెలలకు 15 వచ్చాయి. ముందు 24 గంటల్లో గట్టి శారీరక శ్రమ చేసినా, జ్వరం వచ్చినా, మూత్రనాళంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా, నెలసరి రోజులైనా, షుగర్ విపరీతంగా పెరిగినా, బీపీ బాగా ఎక్కువగా ఉన్నా ఏసీఆర్ తాత్కాలికంగా పెరుగుతుంది. అటువంటి రోజుల్ని తప్పించి, మూడు నుంచి ఆరు నెలల వ్యవధిలో మూడుసార్లు చేయించినప్పుడు, కనీసం రెండుసార్లు 30 దాటితేనే అల్బుమిన్ పోతున్నట్టు నిర్ధారిస్తారు. తనకు 20వ ఏట మూడింటిలో రెండు ఫలితాలు 48, 61 వచ్చాయి. అప్పటికి కొండ ఎక్కి నెలలైంది, జ్వరం లేదు, ఇంకే కారణమూ కనబడలేదు. అందుకే ఈసారి దాన్ని అసలైన హెచ్చరికగానే తీసుకున్నాం.

క్రియాటినిన్ అంకెను ఒంటరిగా చదవకండి

క్రియాటినిన్ కండరాల నుంచి పుట్టే వ్యర్థం. కండ ఎక్కువున్న మనిషికి సహజంగానే ఎక్కువ, బక్కపలచని పిల్లలకు తక్కువ. ల్యాబ్ కాగితం మీద ముద్రించిన ‘నార్మల్ రేంజ్’ సాధారణంగా పెద్దవాళ్లది. పిల్లలకు వడపోతను లెక్కగట్టడానికి ఒక సులువైన సూత్రం వాడతారు: సెంటీమీటర్లలో ఎత్తును 0.413తో గుణించి, క్రియాటినిన్‌తో భాగించాలి. 140 సెంటీమీటర్ల పాపకు క్రియాటినిన్ 0.6 అయితే లెక్క 96 వస్తుంది, అది మంచి అంకె. అదే పాపకు 0.9 వస్తే లెక్క 64కు పడిపోతుంది. కాగితం మీద మాత్రం రెండూ నార్మల్ గడిలోనే ఉంటాయి, రెండో దాని పక్కన ఎర్ర గీత కూడా పడదు. నాకు ఈ లెక్క నేర్పిన రోజునే పాత కాగితాలన్నీ తీసి, గోడ మీద పెన్సిలుతో గీసిన పాత ఎత్తుల గుర్తులు చూసుకుంటూ మళ్లీ లెక్క వేశాను.

పెద్దవాళ్లకు వయసునూ, స్త్రీ పురుష భేదాన్నీ కలిపి లెక్కించే ఈజీఎఫ్ఆర్‌ను చాలా ల్యాబులు ఇప్పుడు తామే ముద్రిస్తున్నాయి. 90, ఆ పైన ఉంటే వడపోత బాగున్నట్టు. 60 నుంచి 89 వరకు కొద్దిగా తగ్గినట్టే అయినా, అల్బుమిన్ పోవడం వంటి వేరే గుర్తు లేకపోతే దాన్నే వ్యాధి అనరు. మూడు నెలలకు పైగా 60 కంటే తక్కువగా నిలిస్తే దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి అంటారు. 15 కంటే తగ్గితే కిడ్నీ వైఫల్యం. ఒక్కసారి వచ్చిన అంకె కంటే, ఏటేటా అది ఏ దిక్కుకు జరుగుతోందన్నది ఎక్కువ చెబుతుంది. 118 నుంచి 96కు, అక్కడి నుంచి 84కు దిగిన వ్యక్తి కాగితాలు విడివిడిగా చూస్తే ఎవరికీ అనుమానం రాదు. అందువల్ల అన్నింటినీ ఒకే పుస్తకంలో, ఒకే వరుసలో రాసుకోవాలి.

ఇంట్లో బీపీ కొలవడం

ఈ భాగం మీద కొంచెం ఎక్కువసేపు నిలవాలనుకుంటున్నాను, ఎందుకంటే నేను చూసినంతలో ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. మోచేతికి పైభాగంలో చుట్టే డిజిటల్ మిషన్ కొనండి. మణికట్టు దగ్గర కట్టేవి వద్దు. కొనేముందు దర్జీ టేపుతో భుజానికీ మోచేతికీ మధ్య భాగంలో చేయి చుట్టుకొలత తీసుకోండి. పట్టీ మీద ‘22–32 సెం.మీ.’ వంటి అంకెలుంటాయి, మీ కొలత ఆ హద్దుల మధ్యలో ఉండాలి. మేము మొదట కొన్న మిషన్ పట్టీ ఆ 22–32 కొలతదే. మా అమ్మాయి చేయి పందొమ్మిదిన్నర. ఆ వదులు పట్టీతో తనకు పైఅంకె 104 చూపించేది, చిన్న పట్టీ తెప్పించి చుట్టాక 116 వచ్చింది. మావారి చేయి 34. అదే పట్టీ ఆయనకు బిగుతై 146 చూపిస్తే, పెద్ద పట్టీతో 132 వచ్చింది. ఒకే మిషన్ ఒకరికి తక్కువగా, ఇంకొకరికి ఎక్కువగా చూపింది. ఇంటిల్లిపాదికీ ఒకే పట్టీ వాడుతున్నవారు ఈ సంగతి తప్పక సరిచూసుకోవాలి.

కొలవడానికి అరగంట ముందు నుంచి కాఫీ, టీ, సిగరెట్, వ్యాయామం ఉండకూడదు. మూత్రానికి వెళ్లి వచ్చి, కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకు ఆన్చి, కాలు మీద కాలు వేసుకోకుండా, ఐదు నిమిషాలు మౌనంగా కూర్చోవాలి. టీవీ, ఫోను కూడా వద్దు. చొక్కా చేతిని పైకి మడిస్తే అదే ఇంకొక పట్టీలా బిగుసుకుంటుంది కాబట్టి చేయి వట్టిగా ఉండాలి. మోచేతిని బల్ల మీద దిండు వేసి, పట్టీ గుండె ఎత్తులో ఉండేలా పెట్టాలి. చేయి కిందికి వేలాడితే అంకె పెరుగుతుంది. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాయాలి. డాక్టరు దగ్గరకు వెళ్లే ముందు వారం రోజులు, ఉదయం మాత్రలకు ముందు ఒకసారీ, రాత్రి పడుకునే ముందు ఒకసారీ ఇలా చేసి, మొదటి రోజు అంకెలు వదిలేసి, మిగిలిన వాటి సగటు తీసుకెళ్లండి. ఆ సగటు క్లినిక్కులో హడావిడిగా చూసిన ఒక్క అంకె కంటే ఎంతో నమ్మదగినది. షుగర్ పడిపోయిన సమయంలోనూ, దానికి గ్లూకోజ్ తాగిన వెంటనేనూ బీపీ చూడకండి. ఆ సమయంలో గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఆ అంకె దేనికీ పనికిరాదు.

టైప్ వన్ ఉన్న పెద్దవారిలో చాలామందికి 130/80 లోపు ఉంచడం లక్ష్యం. అంతర్జాతీయ కిడ్నీ మార్గదర్శకాలు 2021లో, కిడ్నీ వ్యాధి ఉన్న పెద్దవారికి, ప్రామాణిక పద్ధతిలో కొలిచినప్పుడు, తట్టుకోగలిగితే పైఅంకెను 120 లోపు ఉంచమని చెప్పాయి. మీకు ఏది సరిపోతుందో డాక్టరుతో మాట్లాడి, ఆ అంకెను పుస్తకం మొదటి పేజీలో రాయించుకోండి. 13 ఏళ్లు దాటిన పిల్లల్లో 120/80 లోపు మామూలు, మళ్లీ మళ్లీ 130/80 లేదా ఆ పైన వస్తే అధిక రక్తపోటు. అంతకంటే చిన్నవాళ్లకు వయసు, ఎత్తు చూసి పట్టికతో పోల్చాలి, అది పిల్లల డాక్టరు చేయవలసిన పని. 180/120 దాటి, దానితోపాటు ఛాతీనొప్పి, ఆయాసం, చూపు మసకబారడం, తీవ్రమైన తలనొప్పి ఉంటే పుస్తకంలో రాస్తూ కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

షుగర్ వచ్చి చాలా ఏళ్లయినవారు పడుకుని ఒకసారి, లేచి నిలబడి ఒక నిమిషానికీ మూడు నిమిషాలకూ ఒక్కోసారి చూసుకోవాలి. నిలబడ్డాక పైఅంకె 20 లేదా కిందిఅంకె 10 పడిపోతే, రక్తనాళాలను అదుపు చేసే నరాలు దెబ్బతిన్నాయేమోనని చూస్తారు. అలాంటివారికి బీపీ మందు గుడ్డిగా పెంచితే కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదముంది.

షుగర్ అదుపు కిడ్నీకి ఎంత మేలు చేస్తుంది?

దీనికి ఊహలతో పనిలేదు. అమెరికా, కెనడాలలో 1983 నుంచి 1993 వరకు 1,441 మంది టైప్ వన్ వారితో డీసీసీటీ అనే పరిశోధన జరిగింది. ఒక వర్గంవారికి, రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే హెచ్‌బీఏ1సీ సుమారు 7 దగ్గరా, రెండో వర్గంవారికి సుమారు 9 దగ్గరా నిలిచింది. మొదటి వర్గంలో మూత్రంలో కొద్దిపాటి అల్బుమిన్ కనబడడం 39 శాతం, ఎక్కువ మోతాదులో పోవడం 54 శాతం తగ్గాయి. వారినే ఇంకా ఎన్నో ఏళ్లు గమనించి 2011లో ప్రకటించిన ఫలితాల్లో, కిడ్నీ వడపోత 60 కంటే దిగువకు పడే అవకాశం సగానికి తగ్గినట్టు తేలింది. అదే పరిశోధనలో, గట్టి అదుపు పాటించినవారికి తీవ్రంగా షుగర్ పడిపోయే ప్రమాదం దాదాపు మూడు రెట్లు పెరిగిందన్న సంగతి కూడా దాచకుండా చెప్పాలి. అందుకే చాలామందికి 7 లోపు అన్న లక్ష్యం పెట్టినా, పడిపోతున్నట్టు తెలియనివారికీ, చాలా చిన్న పిల్లలకూ డాక్టర్లు కొంచెం సడలిస్తారు.

మాత్రల సంగతి

ఏసీఆర్ పెరిగి, బీపీ కూడా ఎక్కువగా ఉంటే సాధారణంగా మొదట ఇచ్చేవి పేరు చివర ‘ప్రిల్’ వచ్చేవి, అంటే ఎనాలాప్రిల్, రామిప్రిల్ వంటివి, లేదా ‘సార్టాన్’ వచ్చేవి, అంటే లోసార్టాన్, టెల్మిసార్టాన్ వంటివి. ఇవి ఒంట్లోని బీపీని తగ్గించడంతోపాటు, వడపోత గుత్తి లోపలి ఒత్తిడిని ప్రత్యేకంగా తగ్గిస్తాయి. 1993లో వెలువడిన ఒక పరిశోధనలో, మూత్రంలో మాంసకృత్తులు బాగా పోతున్న 409 మంది టైప్ వన్ వారిలో క్యాప్టోప్రిల్ వాడినవారికి క్రియాటినిన్ రెట్టింపయ్యే ప్రమాదం 48 శాతం తగ్గింది. బీపీ మామూలుగా ఉన్నా అల్బుమిన్ పోతుంటే కూడా వీటిని ఇస్తారు. మా అమ్మాయికి చిన్న మోతాదులో మొదలుపెట్టింది అందుకే. ‘బీపీ లేని పిల్లకు బీపీ మాత్ర ఎందుకమ్మా?’ అని బంధువులు అడిగితే, ఇది కిడ్నీ వడపోత కోసమని చెప్పడం నేర్చుకున్నాం. ఆ తర్వాత ఏడాదిన్నరకు తన ఏసీఆర్ 22కు దిగింది. అయితే బీపీ, ఏసీఆర్ రెండూ మామూలుగా ఉన్నవారికి ముందుజాగ్రత్తగా ఇవి ఇవ్వడం వల్ల కిడ్నీకి మేలు జరగలేదని 2009లో వచ్చిన మరొక పరిశోధన చూపింది, కాబట్టి పక్కింటివాళ్లు వాడుతున్నారని అడిగి తెచ్చుకోవలసినవి కావు.

మాత్ర మొదలుపెట్టిన లేదా మోతాదు పెంచిన రెండు నుంచి నాలుగు వారాల్లో క్రియాటినిన్, పొటాషియం మళ్లీ చూపించాలి. క్రియాటినిన్ 30 శాతం లోపు పెరిగితే అది మందు పనిచేసే తీరులో భాగమే, భయపడి మానేయకూడదు. అంతకు మించితే వెంటనే చెప్పాలి. ప్రిల్ మందులతో కొందరికి పొడిదగ్గు వస్తుంది, అప్పుడు సార్టాన్‌కు మారుస్తారు; రెండింటినీ కలిపి వాడకూడదు. పెదవులు, నాలుక వాచితే మందు ఆపి ఆసుపత్రికి పరుగెత్తాలి. ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక ముఖ్యమైన మాట: ఈ మందులు గర్భంలోని బిడ్డకు హాని చేస్తాయి. పెళ్లి సంబంధం కుదిరిన వెంటనే డాక్టరుతో ఈ విషయం మాట్లాడాలి, గర్భం కోరుకునే ముందే వేరే మందుకు మారాలి. సిగ్గుపడి దాచవలసిన విషయం కాదిది, నేను మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకునే అడిగాను.

టైప్ టూ వారికి కిడ్నీల కోసం ఈ మధ్య విరివిగా ఇస్తున్న ‘గ్లిఫ్లోజిన్’ మాత్రలు టైప్ వన్ వారిలో కీటోన్లు, అంటే కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్లాలు, రక్తంలో పేరుకుపోయే ప్రమాదాన్ని పెంచుతాయి, పైగా షుగర్ అంతగా పెరగకుండానే ఆ పరిస్థితి రావచ్చు. ఇంట్లో తాతగారు వాడుతున్న మాత్ర పిల్లలకు ఎంతమాత్రం వద్దు. అలాగే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి నొప్పి బిళ్లలు కిడ్నీకి రక్త ప్రవాహాన్ని తగ్గిస్తాయి. మందుల షాపులో నడుంనొప్పికనో, నెలసరి నొప్పికనో చీటీ లేకుండా అడిగితే చేతికి వచ్చేవి ఎక్కువగా ఇవే. జ్వరానికీ మామూలు నొప్పికీ సరైన మోతాదులో పారాసిటమాల్ అడగండి, కిడ్నీ విషయం చెప్పి మరీ అడగండి. ఏముందో రాయని పొడులూ భస్మాలూ అసలు ముట్టకపోవడమే క్షేమం.

ఉప్పు, పచ్చళ్లు

రోజుకు మనిషికి 5 గ్రాముల లోపు, అంటే ఒక టీ చెంచా ఉప్పు, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు. మన గుంటూరు, కృష్ణా జిల్లాల భోజనంలో ఆవకాయ, గోంగూర, ఊరమిరపకాయలు, అప్పడాలు, వడియాలు చేరాక ఇది ఎంత కష్టమో వేసవిలో జాడీలు నింపే ఇంటివారికి నేను చెప్పనక్కర్లేదు. చెంచాలు లెక్కపెట్టడం కంటే నాకు పనికొచ్చిన పద్ధతి ఇది: కిలో ఉప్పు ప్యాకెట్ విప్పిన తేదీని డబ్బా మూత మీద రాయండి. నలుగురున్న ఇంట్లో ఆ కిలో 50 రోజులు వస్తే మనిషికి సరిగ్గా రోజుకు 5 గ్రాములు పడినట్టు, అదీ పచ్చళ్ల ఉప్పు కలపకుండానే. మా ఇంట్లో మొదటిసారి 31 రోజులకే అయిపోయింది. పప్పులో, కూరలో కొంచెం కొంచెంగా తగ్గించి, పచ్చడిని రోజూ రెండు పూటలా కాకుండా ఆదివారానికీ పండుగకూ పరిమితం చేశాక 58 రోజులకు చేరింది. పెరుగన్నంలో ఉప్పు వేయడం మానేయడం అందరికంటే మావారికే కష్టమైంది.

సోడియం తక్కువని అమ్మే ఉప్పులో పొటాషియం ఉంటుంది. వడపోత తగ్గినవారికీ, ప్రిల్ లేదా సార్టాన్ వాడేవారికీ రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పెరగవచ్చు కనుక డాక్టరును అడగకుండా వాడకూడదు. కిడ్నీ వ్యాధి నిర్ధారణ అయినవారు మాంసకృత్తులను శరీర బరువు కిలోకు రోజుకు 0.8 గ్రాముల దగ్గర ఉంచుకోవడం మంచిది. ఎదిగే పిల్లలకు మాత్రం పప్పు, గుడ్డు తగ్గించకండి.

ఎండాకాలం, వాంతుల రోజులు

రోహిణి కార్తెలో బెజవాడ ఎండ ఎలా ఉంటుందో తెలిసిందే. షుగర్ ఎక్కువగా ఉంటే మూత్రం ఎక్కువ పోతుంది, దానికి చెమట తోడైతే ఒంట్లో నీరు తగ్గి కిడ్నీ మీద దెబ్బ పడుతుంది. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజున ప్రిల్, సార్టాన్ మాత్రలను తాత్కాలికంగా ఆపమని చాలామంది డాక్టర్లు చెబుతారు. మీ డాక్టరు ఏమంటారో ముందే అడిగి రాసుకోండి. ఇన్సులిన్ మాత్రం తిండి తినకపోయినా ఎట్టి పరిస్థితిలోనూ పూర్తిగా ఆపకూడదు, మోతాదు సవరించుకుంటూ, కీటోన్లు చూసుకుంటూ, నీళ్లు, ఓఆర్ఎస్ కొద్దికొద్దిగా తాగిస్తూ ఉండాలి. కీటోన్లు పెరుగుతున్నా, తాగినవి నిలవకపోయినా ఇంట్లో ఉండకూడదు.

ఇన్సులిన్ అవసరం తగ్గితే సంతోషించకండి

మనం పొడిచే ఇన్సులిన్‌లో గణనీయమైన భాగాన్ని శరీరం నుంచి తొలగించేది కిడ్నీలే. వాటి పని తగ్గినకొద్దీ ఇన్సులిన్ ఎక్కువసేపు రక్తంలో నిలిచి, పాత మోతాదుకే షుగర్ తరచూ పడిపోతుంది. మా బంధువుల్లో 30 ఏళ్లుగా టైప్ వన్ ఉన్న ఒకాయన, మోతాదు మూడో వంతు తగ్గిందని, షుగర్ నయమవుతోందని తిరునాళ్లకు వెళ్లి మొక్కు కూడా తీర్చుకున్నారు. పరీక్ష చేయిస్తే ఈజీఎఫ్ఆర్ 28. తిండి, బరువు, వ్యాయామం మారకుండా ఇన్సులిన్ అవసరం తగ్గుతూ పోతుంటే ఆ వారంలోనే కిడ్నీ పరీక్షలు చేయించాలి. కిడ్నీ బాగా దెబ్బతిని రక్తహీనత వచ్చినవారిలో హెచ్‌బీఏ1సీ కూడా వాస్తవాన్ని సరిగ్గా చూపకపోవచ్చు, అప్పుడు వేలి చుక్క పరీక్షలు, ఒంటికి అంటించే గ్లూకోజ్ సెన్సర్ అంకెలే ఆధారం.

కిడ్నీ నిపుణుల దగ్గరకు ఎప్పుడు?

ఈజీఎఫ్ఆర్ 30 కంటే తగ్గినా, త్వరత్వరగా పడిపోతున్నా, మందు వాడుతున్నా ఏసీఆర్ పెరుగుతూనే ఉన్నా, మూత్రంలో రక్తకణాలున్నా నెఫ్రాలజిస్టును చూడాలి. ఇంకొక ఆధారం కంట్లో ఉంటుంది. టైప్ వన్‌లో షుగర్ వల్ల కిడ్నీ దెబ్బతింటే దాదాపు ఎప్పుడూ కంటి వెనకపొర అయిన రెటీనాలో కూడా మార్పులుంటాయి. కళ్లు పూర్తిగా శుభ్రంగా ఉండి అల్బుమిన్ ఎక్కువగా పోతుంటే, లేదా షుగర్ వచ్చి రెండు మూడేళ్లకే పోతుంటే, కారణం వేరేది కావచ్చునని నిపుణులు వెతకాలి. మన దగ్గర ఎ.కొండూరు మండలం తండాల్లో షుగర్ లేనివారిలోనూ కిడ్నీ జబ్బు ఉందన్న సంగతి తెలిసిందే, కాబట్టి షుగర్ ఉన్న మనిషికి వచ్చిన ప్రతి కిడ్నీ జబ్బునూ షుగర్ ఖాతాలో వేసి ఊరుకోకూడదు. గుంటూరు సర్వజన ఆసుపత్రిలోనూ, మంగళగిరి ఎయిమ్స్‌లోనూ కిడ్నీ విభాగాలున్నాయి. ఖర్చుకు భయపడి వాయిదా వేస్తున్నవారు ముందుగా అక్కడికి వెళ్లవచ్చు.

వెళ్లేటప్పుడు పట్టుకెళ్లే పుస్తకంలో మా అమ్మాయి ఒక్కో సంవత్సరానికి ఒక్కో పేజీ కేటాయించింది. తేదీ, ఎత్తు, బరువు, వారం సగటు బీపీ, ఏ పట్టీతో చూశామన్నది, ఏసీఆర్, క్రియాటినిన్, ఈజీఎఫ్ఆర్, పొటాషియం, హెచ్‌బీఏ1సీ, రోజు మొత్తం ఇన్సులిన్ యూనిట్లు, కంటి పరీక్ష తేదీ అన్న వరుసలున్నాయి. చివరి వరుసకు తను ‘ముందురోజు ఏం చేశాను’ అని పేరు పెట్టింది. మొదటి పేజీలో ఆ గడిలో, 74కు ఎదురుగా, ‘మెట్ల పూజ’ అని రాసి ఉంటుంది.